అలన్ ట్యూరింగ్: చదరంగాన్ని అంకెలలో తూచిన మేధావి

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున నిలిచిన అసఫియా గ్రంథాలయం, అనగా నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఇప్పుడున్న భవనంలోనికి మారినది 1936లో. అదే సంవత్సరం ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇరువదినాలుగేండ్లు నిండని యువకుడొకడు గణితంలో ఒక వ్యాసం రచించినాడు. అంతులేని కాగితపు పట్టీపై గుర్తులను చదువుతూ, వ్రాస్తూ, చెరుపుతూ సాగిపోయే యంత్రాన్ని అందులో ఊహించినాడు. అటువంటి యంత్రం అప్పటికి భూమిమీద లేదు. నేటి కంప్యూటరు శాస్త్రానికి ఆ వ్యాసం పునాదిరాయి. ఆ యువకుడే అలన్ ట్యూరింగ్. యుద్ధకాలంలో శత్రువుల రహస్యలిపిని ఛేదించినవారుగా ఆయనను లోకం ఎరుగును. మేము ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచినది ఆయన చదరంగం సంగతి.

ఆయన కుటుంబానికి తెలుగుదేశంతో సంబంధం కలదు. తండ్రి జూలియస్ మదరాసు రాజధానిలో ఐ.సి.ఎస్. ఉద్యోగి. తల్లి ఈథెల్ సారా, మదరాసు రైల్వే ముఖ్య ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. తుంగభద్రపై రైలువంతెన కట్టించినది ఈ స్టోనీయే. చప్పుడు చేయని పంఖా చక్రానికి పేటెంటు పొందినదీ ఆయనే. మన వేసవిని ఎరిగినవారికి ఈ రెండవదే ఘనకార్యంగా తోచవచ్చును. 1907లో వివాహమైన ఆ దంపతులు పార్వతీపురం, విశాఖపట్టణం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు తిరిగి, 1911లో గంజాం జిల్లాలోని ఛత్రపురం చేరినారు. మరుసటి సంవత్సరం జూన్ 23న లండనులో అలన్ జన్మించినారు. తలిదండ్రులు మరల ఉద్యోగానికై ఇక్కడికి రాగా, పిల్లలిద్దరూ ఇంగ్లండులోనే ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట పెరిగినారు. తెలుగునేలను అలన్ ఎన్నడూ చూడలేదు.

యుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్కులో ఆయనతోపాటు పనిచేసినవారిలో హ్యూ అలెగ్జాండర్, హ్యారీ గోలంబెక్ వంటి మేటి చదరంగ క్రీడాకారులు ఉండినారు. ట్యూరింగ్ మాత్రం సామాన్యమైన ఆటగాడే. ఆయన ఓటమిని ఒప్పుకొన్న పిమ్మట, గోలంబెక్ బల్లను త్రిప్పి, ఆయన వదలిన వైపునుండి ఆడి గెలిచేవారని చెబుతారు. బాగా ఆడలేని మనిషియే, బాగా ఆడడమంటే ఏమిటో విడమరచి వ్రాయడానికి పూనుకొన్నాడన్నమాట! ఇది మాకు వింతగా తోచదు. సహజప్రతిభ కలవాడు తనకు తోచినది ఆడి ఊరకుంటాడు. అది లేనివాడు కారణం వెదకుతాడు.

1948లో మిత్రుడు ఛాంపర్‌నౌన్‌తో కలిసి ఆయన చదరంగం ఆడే నియమావళిని కాగితంపై సిద్ధం చేసినారు. దాని పద్ధతి మన సామెతలోని ఎత్తుకు పైఎత్తే. మనకు సాధ్యమైన ప్రతి ఎత్తునూ తీసుకొని, దానికి ఎదుటివాడు వేయగల ప్రతి పైఎత్తునూ పరిశీలించాలి. ఎదుటివాడు మనకు అత్యంత నష్టకరమైనదే వేస్తాడని భావించి, ఆ నష్టం ఎక్కడ తక్కువో ఆ ఎత్తు వేయాలి. ముప్పది ఎత్తులకు ముప్పదేసి పైఎత్తులైతే 900 స్థితులు. ఇంకొక అడుగు వేస్తే 27,000. కనుక ఎక్కడో ఆగక తప్పదు. ఆగినచోట ఆ స్థితి మంచిదో చెడ్డదో చెప్పడానికి ఒక అంకె కావాలి.

ఆ అంకెకై ఆయన పావులకు వెల కట్టినారు. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు, అనగా బిషపుకు 3½, ఏనుగుకు 5, మంత్రికి 10. ఉర్దూ విద్యార్థులు బంటును ప్యాదా అనీ, మంత్రిని వజీర్ అనీ చదువుకొందురు గాక. రాజును వదలి కూడితే ఆట మొదట ఒక్కొక్క పక్షానికి 41 వస్తుంది. తెలుపు ఒక బంటును గెలిస్తే 41ని 40చే భాగించాలి, ఫలితం 1.025. బలం సమంగా ఉన్నచోట పావుల స్వేచ్ఛను, రాజు భద్రతను, బంట్ల పురోగతిని లెక్కించాలి. పావుకు గల ఎత్తుల సంఖ్యకు వర్గమూలం కట్టడం కూడా అందులో ఉన్నది.

అయితే మంత్రి ఒక బంటును చంపినచోటనే లెక్క ఆపితే 1.025 అని సంతోషిస్తాము. మరుక్షణం ఆ మంత్రియే చచ్చిపోతే 31ని 40చే భాగించాలి, అది 0.775. ఈ చిక్కును ట్యూరింగ్ ముందే గుర్తించినారు. చంపుడు ఎత్తులు మిగిలి ఉన్నంతవరకు చూస్తూ పోయి, స్థితి సద్దుమణిగిన తరువాతనే అంకె వేయాలని నియమం పెట్టినారు. మా దృష్టిలో ఆయన చదరంగ కృషిలో ఇదే ముఖ్యమైనది. అంకె బల్లమీద లేదు. చూపు ఆగినచోట ఉన్నది.

నేడు కోనేరు హంపి ఆటనో, అర్జున్ ఇరిగైసి ఆటనో తెరపై చూచేవారికి ప్రక్కన +0.35, −1.20 వంటి అంకెలు కనిపిస్తాయి. ఇందులో భాగహారం లేదు. గుర్తు తెలుపు పక్షపు మొగ్గును తెలుపుతుంది. చాలకాలం +1.00 అంటే ఒక బంటంత ఆధిక్యమని అర్థం. స్టాక్‌ఫిష్ అనే ప్రసిద్ధ కార్యక్రమంలో 2022 చివరినుండి ఆ అర్థం మారినది. సమవుజ్జీలైన యంత్రాలు ఆడితే గెలుపుకు నూటికి ఏబది పాళ్ళు అవకాశమని దాని భావం. ఎంత లోతు చూచినదో తెలియక అంకెను మాత్రమే నమ్మడం తొందరపాటు.

ట్యూరింగ్‌కు తన నియమావళిని నడిపే యంత్రం దొరకలేదు. మాంచెస్టరులోని ఫెరాంటి యంత్రానికి దానిని అమర్చబూని పూర్తిచేయలేకపోయినారు. 1952లో తానే యంత్రమై, ఒక్కొక్క ఎత్తుకు అరగంట చొప్పున చేతితో లెక్కలు కట్టి, అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగితో ఆడించినారు. ఇరువది తొమ్మిదవ ఎత్తులో తెలుపు మంత్రి ఒక బంటుకు ఆశపడినది. నలుపు ఏనుగు వచ్చి ఎదుట నిలిచినది. మంత్రికి విడుదల లేదు. ఆట ముగిసినది. ఆ నష్టం ఆయన పెట్టుకొన్న హద్దుకు ఆవల ఉండినది.

ఆ సంవత్సరమే మార్చిలో, పురుషునితో సంబంధం నేరమని చెప్పే 1885 నాటి చట్టం క్రింద న్యాయస్థానం ఆయనను శిక్షించినది. చెరసాలకు బదులు ఒక సంవత్సరం హార్మోను చికిత్సకు ఆయన ఒప్పుకోవలసివచ్చినది. ప్రభుత్వ రహస్యలిపి శాఖతో ఆయనకున్న సంబంధం తెగిపోయినది. యుద్ధంలో ఆయన చేసిన సేవ అప్పటికింకా ప్రభుత్వ రహస్యం, లోకానికి తెలియదు. 1953లో ఆయన చదరంగ వ్యాసం ఒక గ్రంథంలో వెలువడినది. 1954 జూన్ 7న సైనైడు విషంతో మరణించినారు. వయస్సు 41. ఆత్మహత్య అని విచారణలో తేల్చినారు. 2013 డిసెంబరులో రాణి క్షమాభిక్ష ప్రకటించినది. ఎవరు ఎవరిని క్షమించవలెనో మాకు బోధపడలేదు.

అంతకు ఒక సంవత్సరం ముందు, శతజయంతి సందర్భంగా మాంచెస్టరులో ట్యూరింగ్ నియమావళిని కంప్యూటరుపై నడిపించి, 1997లో డీప్ బ్లూ చేతిలో ఓడిన కాస్పరోవ్‌తోనే ఆడించినారు. కాస్పరోవ్ పదునారు ఎత్తులలో గెలిచినాడు. గ్లెన్నీతో ఆడిన పాత ఆటను ఆ కంప్యూటరుతో సరిచూడగా కొన్ని ఎత్తులు కలియలేదు. తాను వ్రాసిన నియమాలనే ట్యూరింగ్ అక్కడక్కడ తప్పినారన్నమాట.