పదవి కన్నా ప్రమాణం మిన్న: నీలం సంజీవరెడ్డి జీవితంలో న్యాయ, నైతిక ఘట్టాలు

అనంతపురం, మే 18: ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, లోక్‌సభ స్పీకర్‌గా, భారత రాష్ట్రపతిగా విశిష్ట సేవలందించిన డాక్టర్ నీలం సంజీవరెడ్డి జయంతి మే 19వ తేదీ. కరవు సీమలోని ఒక గ్రామం నుంచి రాష్ట్రపతి భవన్ వరకు సాగిన ఆయన ప్రస్థానం సుపరిచితమే. ఆయన ప్రభుత్వ నిర్ణయాలపై వెలువడిన సుప్రీంకోర్టు తీర్పులు భారత పాలనా న్యాయశాస్త్రంలో నేటికీ పాఠ్యాంశాలుగా ఉండటం అంతగా ప్రచారానికి రాని విషయం. అధికారం, హక్కులు, నైతిక బాధ్యత అనే మూడు అంశాలూ ఆయన జీవితంలో పలుమార్లు ముఖాముఖిగా నిలిచాయి.

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి నీలం చిన్నపరెడ్డి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షపాతమైనా నికరంగా దక్కని ఈ పీఠభూమిలో వానచుక్క కోసం ఎదురుచూసే రైతుల మధ్య ఆయన బాల్యం గడిచింది. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలోను, అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. 1929 జూలైలో మహాత్మాగాంధీ అనంతపురం పర్యటన ఆయనను జాతీయోద్యమం వైపు మళ్లించింది. 1931లో చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో ప్రవేశించారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో అరెస్టయి, అమరావతి కారాగారంలో ప్రకాశం పంతులు, కామరాజ్, వి.వి. గిరి వంటి నాయకులతో కలిసి నిర్బంధ జీవితం గడిపారు.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన సంజీవరెడ్డి, అనంతరం రాజ్యాంగ సభలో సభ్యత్వం పొందారు. 1949 నుంచి 1951 వరకు మద్రాసు రాష్ట్ర మంత్రిగా వ్యవహరించారు. 1952 ఎన్నికలలో సొంత గడ్డ అనంతపురంలోనే, స్వయానా బావమరిది అయిన కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి చేతిలో పరాజయం పొందారు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించగా తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

ఆయన హయాంలోనే 1959 నవంబరు 1న రాష్ట్రంలో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోకి వచ్చింది. రాజస్థాన్ తరువాత ఈ వ్యవస్థను ప్రవేశపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 1958 జనవరిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పాటైంది. ప్రైవేటు యజమానుల చేతిలో ఉన్న బస్సు మార్గాలను దశలవారీగా ప్రభుత్వ రంగంలోకి తీసుకురావాలన్నది నాటి విధానం. ఇందుకు 1956లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ఒక క్రమాన్ని నిర్దేశించింది. పథకాన్ని రవాణా సంస్థ రూపొందించాలి. దానిపై అభ్యంతరాలను ప్రభుత్వం విచారించి, ఆ తరువాతే ఆమోదించాలి.

కృష్ణా జిల్లాలో ఈ పథకం అమలును సవాలు చేస్తూ గుళ్లపల్లి నాగేశ్వరరావు తదితర బస్సు యజమానులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. యజమానుల అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విన్నారు. ఉత్తర్వులపై నిర్ణయం మాత్రం రవాణా శాఖను నిర్వహిస్తున్న ముఖ్యమంత్రి తీసుకున్నారు. ఈ పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే విచారణ లాంఛనప్రాయం అవుతుందన్నది ఆ తీర్పు సారాంశం. మెజారిటీ తీర్పును రచించినవారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. లోపాన్ని సవరించుకున్న ప్రభుత్వం తిరిగి విచారణ జరిపింది. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలను విన్నారు. ప్రభుత్వ విధానానికి కట్టుబడిన ముఖ్యమంత్రి నిష్పాక్షికంగా విచారించలేరన్న వాదనతో యజమానులు మళ్లీ కోర్టుకు వెళ్లారు. 1959లో వెలువడిన రెండవ తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. విధానం ప్రభుత్వ హక్కు అనీ, సక్రమమైన విచారణ పౌరుని హక్కు అనీ ఈ రెండు తీర్పులూ కలిపి నిర్ధారించాయి.

1960 జనవరిలో ముఖ్యమంత్రి పదవిని వీడి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్ష బాధ్యతలు చేపట్టిన సంజీవరెడ్డి, 1962 మార్చి 12న రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని బస్సు మార్గాల జాతీయీకరణకు రవాణా సంస్థ పథకాలు సిద్ధం చేసింది. అంతకుముందు అనుకున్న వరుసను మార్చి తమ ప్రాంతాన్ని ముందుకు తెచ్చారనీ, ముఖ్యమంత్రికి తమపై ఉన్న రాజకీయ విముఖతే అందుకు కారణమనీ యజమానులు ప్రమాణ పత్రాలలో ఆరోపించారు. ఈ ఆరోపణలకు సమాధానంగా ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణ పత్రం దాఖలు చేయలేదు. వ్యక్తిగత ఉద్దేశాన్ని ఆపాదించినప్పుడు ఆ వ్యక్తే ప్రమాణపూర్వకంగా ఖండించవలసి ఉంటుందని భావించిన సుప్రీంకోర్టు, ఆరోపణలు ఖండనకు నోచుకోలేదని నిర్ధారించింది. చట్టప్రకారం రవాణా సంస్థ స్వతంత్రంగా ఏర్పరచుకోవలసిన అభిప్రాయం అలా ఏర్పడలేదంటూ 1964లో ఆ పథకాలను కొట్టివేసింది.

పదవి నుంచి తప్పుకోవాలని తీర్పు ఆదేశించలేదు. శాసనసభలో ఆయన ప్రభుత్వానికి మెజారిటీ చెక్కుచెదరలేదు. చట్టపరంగా ఆయన పదవికి ముప్పు లేదు. అయినప్పటికీ అత్యున్నత న్యాయస్థానం వ్యాఖ్యల దరిమిలా సంజీవరెడ్డి రాజీనామా సమర్పించారు. 1964 ఫిబ్రవరిలో ఆయన పదవి నుంచి వైదొలగగా, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. ఒక తీర్పు సాంకేతికంగా కోరేదానికీ, ప్రజాజీవితం నైతికంగా కోరేదానికీ మధ్య గల అంతరాన్ని ఈ ఘటన ప్రస్ఫుటం చేసింది. దురుద్దేశ ఆరోపణల నిరూపణ భారం ఆరోపించినవారిదేననీ, ఆ భారం తేలికైనది కాదనీ సుప్రీంకోర్టు 1974లో రాయప్ప కేసులో స్పష్టం చేసింది. అయినా సమాధానమివ్వవలసిన వ్యక్తి మౌనం వహిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు కర్నూలు కేసు నేటికీ ప్రముఖ ఉదాహరణగా నిలుస్తోంది.

రాష్ట్ర రాజకీయాల నుంచి కేంద్రానికి తరలిన సంజీవరెడ్డి లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను, అనంతరం ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా శాఖను నిర్వహించారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై, మార్చి 17న స్పీకర్‌గా ఎన్నికయ్యారు. సభాపతి పార్టీలకు అతీతంగా ఉండాలన్న భావనతో కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. రాజ్యాంగం అటువంటి షరతు ఏదీ విధించలేదు. 1969 ఏప్రిల్‌లో అస్పృశ్యతపై ఒక పీఠాధిపతి చేసిన వ్యాఖ్యలను సభలో సభ్యులు విమర్శించగా, ఆయన అనుయాయులు సంజీవరెడ్డితో పాటు పలువురిపై నష్టపరిహార దావా వేశారు. 1970లో సుప్రీంకోర్టు ఆ దావాను తోసిపుచ్చుతూ, పార్లమెంటులో పలికిన మాటకు ఏ న్యాయస్థానంలోనూ బాధ్యత ఉండదని ప్రకటించింది. తేజ్‌కిరణ్ జైన్ వర్సెస్ సంజీవరెడ్డి పేరిట ఆ తీర్పు నేటికీ ఉదహరింపబడుతోంది.

1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా పోటీచేసి, వి.వి. గిరి చేతిలో 14,650 ఓట్ల విలువ తేడాతో ఓటమి చెందారు. అనంతరం స్వగ్రామానికి చేరి వ్యవసాయంలో నిమగ్నమయ్యారు. 1977లో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాల నుంచి గెలుపొందారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో కాంగ్రెసేతర అభ్యర్థి విజయం సాధించినది అదొక్కటే. రెండవసారి స్పీకర్ పదవిని అలంకరించి, అదే ఏడాది జూలైలో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆ పదవికి ఏకగ్రీవంగా ఎన్నికైన ఏకైక వ్యక్తి ఆయనే.

రాష్ట్రపతిగా ఆయన తీసుకున్న నిర్ణయాలలో అత్యంత వివాదాస్పదమైనది 1979 నాటిది. మొరార్జీ దేశాయ్ రాజీనామా అనంతరం ప్రధాని అయిన చరణ్ సింగ్ లోక్‌సభ విశ్వాసాన్ని ఎదుర్కొనకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, సభ రద్దుకు సలహా ఇచ్చారు. ప్రభుత్వం ఏర్పాటు చేయగలమని జగ్జీవన్ రామ్ వర్గం కోరుతున్నప్పటికీ, రాష్ట్రపతి ఆగస్టు 22న సభను రద్దు చేశారు. విశ్వాసం పొందని ప్రధాని సలహాకు గల విలువపై రాజ్యాంగ నిపుణులు నేటికీ భిన్నాభిప్రాయాలు వ్యక్తం చేస్తున్నారు. మంత్రిమండలి సలహాను పునఃపరిశీలనకు పంపే అధికారాన్ని రాష్ట్రపతికి కల్పించిన 44వ రాజ్యాంగ సవరణకు 1979 ఏప్రిల్‌లో ఆమోదముద్ర వేసినదీ ఆయనే.

1982 జూలైలో పదవీకాలం ముగించుకుని అనంతపురం తిరిగివచ్చిన సంజీవరెడ్డి, 1989లో తన జ్ఞాపకాలను ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. 1996 జూన్ 1న బెంగళూరులో తుదిశ్వాస విడిచారు. శ్రీశైలం జలాశయం నీలం సంజీవరెడ్డి సాగర్‌గా ఆయన పేరును ధరించింది.

అభ్యంతరం విన్న అధికారే నిర్ణయం తీసుకోవడం, చట్టం ఏ సంస్థకు అప్పగించిన అభిప్రాయాన్ని ఆ సంస్థే స్వయంగా ఏర్పరచుకోవడం, వ్యక్తిగత ఆరోపణకు వ్యక్తిగతంగా సమాధానమివ్వడం అనే నియమాలు నేడు ప్రతి కార్యాలయానికీ వర్తిస్తాయి. అవి స్థిరపడిన కేసులలో కొన్నింట ప్రభుత్వం ఓడింది. ఓటమి ఎదురైనప్పుడు ఆ ప్రభుత్వాధినేత తీర్పును తప్పుపట్టక, పదవిని వదులుకున్నారు. అధికార పీఠంపై ఉన్నవారికి ఆయన మిగిల్చిన వారసత్వం అదే.