యెనాన్ గుహలకు వెళ్లిన షోలాపూర్ వైద్యుడు

1938 సెప్టెంబర్ 1న బొంబాయి రేవు నుంచి బయలుదేరిన ‘రాజ్‌పుతానా’ నౌకలో ఐదుగురు భారతీయ వైద్యులు ఉన్నారు. ఆ రోజుల్లో వైద్యవిద్య పూర్తిచేసిన యువకుడు సముద్రం దాటుతున్నాడంటే లండన్‌కో ఎడిన్‌బరోకో పైచదువులకు వెళ్తున్నాడని అందరూ అనుకునేవారు. ఈ ఐదుగురి ప్రయాణం మాత్రం తూర్పు దిక్కుకు సాగింది. అక్కడ వారికి పట్టా రాదు, చెప్పుకోదగిన జీతమూ లేదు. జపాన్ దండయాత్రకు గురైన చైనాలో క్షతగాత్రులకు చికిత్స చేసేందుకు భారత జాతీయ కాంగ్రెస్ పంపిన వైద్య బృందం అది. వారిలో నలుగురు స్వదేశానికి తిరిగి వచ్చారు. 28 ఏళ్లు నిండబోతుండగా ఓడ ఎక్కిన ద్వారకానాథ్ శాంతారాం కోట్నీస్ తిరిగి రాలేదు.

కోట్నీస్ 1910 అక్టోబర్ 10న షోలాపూర్‌లో జన్మించారు. అది బట్టల మిల్లుల పట్టణం. తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడ మగ్గాలు నడుపుతున్నాయి కాబట్టి ఆ ఊరు తెలుగువారికీ పరాయిది కాదు. తండ్రి శాంతారాం మిల్లులో ఉద్యోగి. ఇంటినిండా పిల్లలు, మధ్యతరగతి సంపాదన. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం ఉధృతంగా సాగినప్పుడు షోలాపూర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. అప్పటికి కోట్నీస్ వయసు 19 ఏళ్లు. సొంత ఊరి వీధుల్లో పరాయి సైన్యం పహరా కాయడం అంటే ఏమిటో ఆ తరం పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

ఆయన బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. వైద్య కళాశాలలో చదివి 1936లో పట్టభద్రులయ్యారు. ఉన్నత వైద్యవిద్యకు సిద్ధమవుతున్న సమయంలో చైనా పిలుపు వచ్చింది.

1937 జులైలో జపాన్ పూర్తిస్థాయి యుద్ధానికి దిగిన తరువాత చైనా సేనల్లో వైద్యుల కొరత దారుణంగా ఉండేది. ఎనిమిదవ మార్గ సైన్యాధిపతి జూ డే వైద్యులను, మందులను పంపవలసిందిగా జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ రాశారు. చైనాలో పనిచేస్తున్న అమెరికన్ పాత్రికేయురాలు ఆగ్నెస్ స్మెడ్లీ కూడా అదే కోరారు. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ ప్రజలకు విజ్ఞప్తి చేయగా సుమారు 22 వేల రూపాయల విరాళాలు సమకూరాయి. తనకే స్వాతంత్ర్యం లేని దేశం మరో దేశానికి అంబులెన్సును, మందులను, వైద్యులను పంపింది.

స్పెయిన్ అంతర్యుద్ధంలో సేవలందించిన అలహాబాద్ వైద్యుడు మదన్ మోహన్‌లాల్ అటల్ బృందానికి నాయకులు. నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి బిజయ్ కుమార్ బసు, దేబేశ్ ముఖర్జీ వచ్చారు. ఐదో పేరు కోట్నీస్‌ది. చైనా అంటే పట్టుబట్టలు అమ్ముకోవడానికి వచ్చే వర్తకుల దేశమని తప్ప ఇంట్లో ఎవరికీ మరేమీ తెలియదని ఆయన సోదరి తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. కుమారుడు బొంబాయిలో ఆసుపత్రి పెట్టి స్థిరపడతాడని ఎదురుచూసిన ఇల్లు అది. అయినా తండ్రి అడ్డు చెప్పలేదు.

సెప్టెంబర్ 17న బృందం కాంటన్ చేరింది. స్వాగతం పలికినవారిలో సన్ యట్ సేన్ సతీమణి సోంగ్ చింగ్‌లింగ్ ఉన్నారు. అక్కడి నుంచి లోతట్టు ప్రాంతాలకు సాగిన ప్రయాణంలో యుద్ధం వారి వెన్నంటే వచ్చింది. అక్టోబర్ నెలాఖరుకు కాంటన్, హాంకౌ రెండూ జపాన్ వశమయ్యాయి. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి, రేవు నుంచి రేవుకు వెనక్కి జరుగుతూ వైద్యులు తాత్కాలిక రాజధాని చోంగ్‌చింగ్ చేరుకున్నారు. విశ్వభారతిలో చైనా భవన్‌ను తీర్చిదిద్దిన ఆచార్య టాన్ యున్‌షాన్ అక్కడ వారికి చైనా పేర్లు పెట్టారు. ఒక్కొక్కరి పేరు చివర చైనాను సూచించే ‘హువా’ అనే అక్షరాన్ని చేర్చారు. కోట్నీస్ ‘కె దిహువా’ అయ్యారు.

ఆ ఊళ్లోనే ఆయనకు తండ్రి మరణవార్త అందింది. యెనాన్‌కు బయలుదేరడానికి అనుమతులు సిద్ధమవుతున్న రోజులవి. ఇంటికి వెళ్లి తల్లిని, తోబుట్టువులను చూసుకోవాలని సహచరులు సూచించారు. వెళ్తే తప్పుపట్టేవారు లేరు. కుటుంబ భారం చిన్నదేమీ కాదు. వచ్చిన పని ఇంకా మొదలే కాలేదన్న కారణంతో కోట్నీస్ ఆగిపోయారు. త్యాగమని ఈ నిర్ణయాన్ని కీర్తించడం తరువాతి వారికి సులభమైంది. దాని మూల్యంలో కొంత షోలాపూర్‌లోని ఆ ఇల్లు కూడా చెల్లించిందన్న సంగతిని స్మారక ప్రసంగాలు తరచుగా విడిచిపెడతాయి.

1939 ఫిబ్రవరి 12న బృందం యెనాన్ చేరింది. పసుపుపచ్చని మెత్తటి మట్టికొండలను తొలిచి చేసిన గుహలే అక్కడ ఇళ్లు, బడులు, కార్యాలయాలు, ఆసుపత్రి వార్డులు కూడా. బొంబాయిలో సుసజ్జితమైన శస్త్రచికిత్స గదుల్లో శిక్షణ పొందిన వైద్యుడు ఇక్కడ నూనెదీపం వెలుగులో, మత్తుమందుకు కటకటలాడుతూ శస్త్రచికిత్సలు చేయవలసి వచ్చింది. వాడిన కట్లనే ఉతికి మళ్లీ వాడేవారు. ఆహారం ముతక చిరుధాన్యం.

ఆరోగ్యం సహకరించక చోల్కర్, ముఖర్జీ ఆ ఏడాదే స్వదేశానికి బయలుదేరారు. మిగిలిన ముగ్గురూ సంవత్సరాంతంలో యుద్ధరంగం వైపు కదిలారు. అటల్‌ను చర్మవ్యాధి వేధించడంతో 1940లో ఆయనా వెనుదిరిగారు. కోట్నీస్, బసు జపాన్ ఆధీనంలోని రైలుమార్గాలను, కాపలా బురుజులను రాత్రివేళల్లో తప్పించుకుంటూ ఉత్తరాన శాన్సీ, ఛాహార్, హెబే రాష్ట్రాల సరిహద్దుల్లోని గెరిల్లా స్థావరానికి చేరారు. అంతకు కొన్ని నెలల ముందు వరకు అక్కడ సేవలందించిన కెనడా శస్త్రవైద్యుడు నార్మన్ బెత్యూన్ చికిత్స చేస్తుండగా చేతికి తగిలిన గాయం విషమించి 1939 నవంబర్ 12న మరణించారు. భారతీయ వైద్యులు ముందుగా చూసినవాటిలో ఆయన సమాధి ఒకటి. ఆ తరువాత బసు యెనాన్‌కు తిరిగి వెళ్లారు. కోట్నీస్ బెత్యూన్ వదిలిన చోటే ఉండిపోయారు.

ఆయన జీవితంలో ఎక్కువగా ప్రచారమైన ఘట్టం 1940 ఆగస్టులో ఆరంభమైన ‘నూరు రెజిమెంట్ల’ దాడి కాలానిది. 13 రోజుల్లో 800 మందికి పైగా క్షతగాత్రులు ఆయన శిబిరానికి చేరారని, వారిలో 500 మందికి పైగా శస్త్రచికిత్సలు చేశారని, ఒక దశలో మూడు పగళ్లు మూడు రాత్రులు నిద్రపోలేదని చైనా కథనాలు చెబుతాయి. యుద్ధరంగానికి దగ్గరలో చికిత్స అందితేనే గాయపడినవాడు బతుకుతాడన్నది బెత్యూన్ నేర్పిన పద్ధతి. కోట్నీస్ దాన్నే పాటించారు.

అయితే ఆయన సాధించినవాటిలో అంతకంటే కష్టమైనది భాషను నేర్చుకోవడం. సహాయం చేయడానికి పరాయి దేశం వెళ్లినవారు చాలామంది దుభాషి మీద ఆధారపడి పని ముగించుకుని వస్తారు. కోట్నీస్ చైనా భాషను పట్టుదలతో అభ్యసించారు. మొదట రోగితో మాట్లాడటానికి, తరువాత చదవడానికి, చివరకు తరగతిలో పాఠం చెప్పడానికి ఆ భాష ఆయనకు అక్కరకు వచ్చింది. ఒక వైద్యుడు ఎన్ని గంటలు మేలుకున్నా చికిత్స చేయగలిగిన వారి సంఖ్యకు హద్దు ఉంటుంది. అక్కడ కొరత వైద్యులది. రైతు కుటుంబాల నుంచి వచ్చిన, అంతంతమాత్రం చదువుకున్న యువతీయువకులను ఆ పనికి తయారుచేయాలంటే వారి మాటలోనే చెప్పాలి. బెత్యూన్ పేరిట వెలసిన వైద్య పాఠశాలలో ఆయన శస్త్రచికిత్స బోధించారు. గ్రామీణులకు ఆయన ‘కె దైఫు’, అంటే కె వైద్యుడు.

1941 జనవరిలో బెత్యూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు కోట్నీస్‌ను అధిపతిగా నియమించారు. వైద్యశాల అనగానే నిలకడగా ఉన్న భవనాన్ని ఊహించుకోకూడదు. జపాన్ సైన్యం గాలింపునకు దిగినప్పుడల్లా రోగులను, పరికరాలను గాడిదల మీద, మనుషుల భుజాల మీద మోసుకుంటూ మరో లోయలోని గ్రామానికి తరలేది. రైతుల ఇళ్లే వార్డులు.

అక్కడి పాఠశాలలో నర్సింగ్ బోధించే గువో చింగ్‌లాన్‌ను ఆయన 1941 నవంబర్‌లో వివాహమాడారు. బెత్యూన్ సమాధి వద్ద జరిగిన కార్యక్రమంలో ఆమె ఆయనను తొలిసారి చూశారు. 1942 ఆగస్టులో వారికి కుమారుడు జన్మించాడు. స్థావర సైన్యాధిపతి నియే రొంగ్‌జెన్ సూచన మేరకు యిన్‌హువా అని పేరు పెట్టారు. చైనా భాషలో భారతదేశానికి ఉన్న పేరులోని ‘యిన్’, చైనాను సూచించే ‘హువా’ కలిసిన పేరు అది. అదే ఏడాది జులైలో కోట్నీస్ చైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వం స్వీకరించారు. కాంగ్రెస్ పంపిన వైద్యుడు కమ్యూనిస్టుగా మారడం వల్ల భారతదేశంలో ఒక్కో వర్గం ఆయనను ఒక్కో విధంగా స్మరించుకోవడం ఆనవాయితీ అయింది.

అప్పటికే ఆయనను మూర్ఛవ్యాధి పట్టుకుంది. పోషకాహారం లేదు, విశ్రాంతి లేదు, ఆ కొండల్లో తగిన ఔషధాలూ లేవు. స్థావరం విడిచి చికిత్సకు వెళ్లాలని పైవారు కోరినా ఆయన అంగీకరించలేదు. మూర్ఛ వచ్చి తగ్గిన తరువాత మళ్లీ పనికి కూర్చునేవారు. ఈ విషయంలో ఆయన మంచి వైద్యుడిగా ప్రవర్తించలేదనే చెప్పాలి. తన రోగి ఎవరైనా అలా చేస్తే ఆయన అనుమతించేవారు కారు.

ఆ చివరి నెలల్లో ఆయన దృష్టి పాఠ్యపుస్తకాల మీద నిలిచింది. విద్యార్థుల కోసం శస్త్రచికిత్స పరిచయ గ్రంథాన్ని పూర్తిచేసి, విస్తృతమైన రెండో గ్రంథం మొదలుపెట్టారు. 1942 డిసెంబర్ 8 రాత్రి దాని రాతలో ఉండగా తీవ్రమైన మూర్ఛ వచ్చింది. ఒకదాని వెంట ఒకటిగా మూర్ఛలు ఆగలేదు. డిసెంబర్ 9 తెల్లవారుజామున హెబే రాష్ట్రం తాంగ్ జిల్లాలోని గెగోంగ్ గ్రామంలో ఆయన కన్నుమూశారు. వయసు 32 ఏళ్లు. కుమారుడికి అప్పటికి నాలుగు నెలలైనా నిండలేదు. పుస్తకం సగంలో ఆగింది.

బసు 1943లో భారత్‌కు తిరిగి వచ్చారు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఈ వైద్య బృందం కథను పుస్తకంగా రాయగా, దాని ఆధారంగా వి. శాంతారాం 1946లో ‘డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ’ తీసి, కోట్నీస్ పాత్రను తానే పోషించారు. దేశంలో సామాన్యులకు కోట్నీస్ తెలిసింది ప్రధానంగా ఆ చిత్రం ద్వారానే. దాని వెలుగులో మిగిలిన నలుగురి పేర్లు మరుగున పడ్డాయి. దాదాపు ఐదేళ్లు చైనాలో పనిచేసిన బసు ఆ తరువాత ఆక్యుపంక్చర్ వైద్యాన్ని భారతదేశానికి పరిచయం చేసినవారిలో ప్రముఖులు. అయినా ఆయన గురించి తెలిసినవారు బెంగాల్ వెలుపల తక్కువ.

1962 యుద్ధం తరువాత రెండు దేశాల మధ్య మాటలు కరవైన ఏళ్లలోనూ చైనా కోట్నీస్‌ను మరవలేదు. 1982లో ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. భారత తపాలా శాఖ ఆ పని 1993లో చేసింది. కుమారుడు యిన్‌హువా తండ్రి బాటలో వైద్యవిద్య చదువుతూ 1967లో, పాతికేళ్లయినా పూర్తిగా నిండకముందే మరణించాడు. గువో చింగ్‌లాన్ తరువాత పునర్వివాహం చేసుకున్నారు. అయినా కోట్నీస్ కుటుంబంతో బంధాన్ని తెంచుకోక పలుమార్లు భారత్ వచ్చి వెళ్లారు. ఆమె 2012లో కన్నుమూశారు.

హెబే రాజధాని శిజియాజువాంగ్‌లోని అమరవీరుల శ్మశానవాటికలో ఒక పక్క బెత్యూన్, మరో పక్క కోట్నీస్ సమాధులు ఉన్నాయి. అనారోగ్యంతో 1940లో స్వదేశానికి తిరిగి వచ్చిన బృంద నాయకుడు అటల్ 1957లో మరణించారు. ఆయన పేరిట కూడా అక్కడ ఒక సమాధి ఉంది.