మోక్షగుండము విశ్వేశ్వరయ్య – మూసీనది

హైదరాబాదు రాతిగుట్టల నడుమ వెలసిన నగరము. దానికి పడమటనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది నగరమును రెండుగా చీల్చి, తూర్పునకు సాగి కృష్ణలో కలియును. వేసవిలో అది బాలురు సైతము దాటగల సన్నని పాయ. కాని రాతినేల నీటిని త్వరగా ఇంకనీయదు. అందుచే పెద్దవాన కురిసిన కొలదిసేపటికే నీరంతయు నదిని చేరును. పూర్వులు ఈ సంగతి నెఱిగి, ఎగువ ప్రదేశమున ఇంచుమించు చదరపు మైలునకు ఒకటి చొప్పున చెరువులు త్రవ్వించిరి.

1908 సెప్టెంబరులో కుంభవృష్టి కురిసెను. పై చెరువు తెగి క్రింది చెరువు మీద పడగా అదియు తెగెను. ఇట్లు రెండువందలకు పైగా చెరువులు తెగిపోయెను. 28వ తేదీన మూసీ పొంగి నగరముపై పడెను. వేలకొలది యిండ్లు కూలెను. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతమున ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి.

ఈ విపత్తు మరల రాకుండ ఉపాయము చెప్పుటకై నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యను ఆహ్వానించెను. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి మైసూరు రాజ్యమునకు తరలిన తెలుగువారు. ఆయన ముద్దెనహళ్లిలో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పుచు తాను చదువుకొనెను. పిమ్మట పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగియయ్యెను. ఖడక్వాస్లా జలాశయమునకు నీటి ఒత్తిడిచే తమంతట తామే తెరచుకొను తలుపులను అమర్చి కీర్తి గడించెను.

1909లో ఆయన హైదరాబాదు చేరెను. నదికిరువైపుల ఎత్తైన గోడలు కట్టిన చాలునని తోచుట సహజము. విశ్వేశ్వరయ్య అంతటితో తృప్తిపడలేదు. వాన లెక్కలు సేకరించెను. వరద ఎక్కినంత మేర గుర్తులు పరిశీలించెను. తెగిన చెరువుల వివరములు రాబట్టెను. వరదను నగరములో కాక ఎగువననే నిలుపవలెనని నిర్ణయించెను. మూసీమీద ఒకటి, దాని ఉపనదియగు ఈసీమీద మరియొకటి జలాశయములు కట్టవలెను. వానిలో కొంత భాగము వరదకై ఖాళీగా విడువవలెను. ఏలయన నిండియున్న చెరువు వరదను ఆపజాలదు. నది భరింపగలిగినంత నీటినే క్రిందికి వదలవలెను. తీరములను ఎత్తుచేసి ఉద్యానములు పెంచవలెననియు, మురుగునీటికి భూగర్భ కాలువలు వేయవలెననియు సూచించెను.

ఆ యేడాదియే ఆయన మైసూరునకు వెడలెను. 1920లో గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. వరద నాపుటకై తలపెట్టిన ఈ జలాశయములే చిరకాలము నగరమునకు త్రాగునీరిచ్చెను. మురుగు కాలువల పనికై ఆయనను మరల పిలిపించిరి. మైసూరులో ఆయన కృష్ణరాజసాగర నిర్మాణమునకు పూనుకొని, దివాను పదవి నధిష్ఠించెను. 1955లో భారతరత్న బిరుదము పొందెను. నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలు 14న బెంగుళూరులో కీర్తిశేషుడయ్యెను.

నగరము పెరిగెను. ఆ రెండు సాగరముల చుట్టును పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడములను, కర్మాగారములను 1996లో ప్రభుత్వము నిషేధించెను. 2022లో ఆ కట్టుబాట్లను సడలించెను. చిన్న చెరువులకు అంతటి రక్షణయు లేకపోయెను. అనేకము పూడిపోయి ఇండ్లస్థలములయ్యెను. 2020 అక్టోబరులో భారీవాన కురిసినపుడు నగరమునకు దక్షిణముననున్న గుఱ్ఱంచెరువు గట్టు తెగి, దిగువ వీధులను ముంచెను.