ధనుర్మాసపు వేకువ గొంతు: శ్రీరంగం గోపాలరత్నం

ఇంటింటా రేడియో మ్రోగిన కాలంలో పండుగ వచ్చిందన్న కబురును తెలుగువారికి ముందుగా అందించినది ఆకాశవాణియే. ఉగాదికి పంచాంగ శ్రవణము, కవి సమ్మేళనము. శ్రీరామనవమికి భద్రాచల కల్యాణ వ్యాఖ్యానము. సంక్రాంతికి గొబ్బిపాటలు, హరిదాసు కీర్తనలు. ఈ వరుసలో ధనుర్మాసం వచ్చేసరికి శ్రోతల మనస్సులో మెదిలే కంఠం శ్రీరంగం గోపాలరత్నం గారిది.

ఆమె 1939లో విజయనగర ప్రాంతంలో వరదాచార్యులు, సుభద్రమ్మ దంపతులకు జన్మించారు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి మహనీయులు మసలిన సంగీత క్షేత్రమది. పసిప్రాయంలోనే హరికథలు చెప్పి పెద్దలను అబ్బురపరచారు. కవిరాయని జోగారావు గారి వద్దనూ, శ్రీపాద పినాకపాణి గారి వద్దనూ శాస్త్రీయ సంగీతాన్ని అభ్యసించి 1956లో సంగీతంలో డిప్లొమా పొందారు. హరికథకు కావలసిన స్పష్టమైన ఉచ్చారణ, కచేరీకి కావలసిన రాగశుద్ధి ఆ విధంగా ఒకే గొంతులో చేరాయి.

అనంతరం ఆకాశవాణిలో నిలయ విదుషీమణిగా చేరి, విజయవాడ కేంద్రంలో విశేష ఖ్యాతి గడించారు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి ఉద్దండులు పనిచేశారు. నిలయ కళాకారుల కొలువు కచేరీ విద్వాంసుల జీవితానికి భిన్నమైనది. నేడు కృతి, రేపు జావళి, మరునాడు యక్షగానంలో ఒక పాత్ర, ఆపై లలిత గీతము. ఏది నిర్ణయిస్తే అది, నిర్ణీత నిమిషాలలో పాడి ముగించవలసినదే. ఎదుట శ్రోతలు ఉండరు, కరతాళ ధ్వనులు వినిపించవు. పాట ముగియగానే వేరొక కార్యక్రమం మొదలవుతుంది.

శాస్త్రీయ విద్వాంసులలో కొందరికి పల్లెపాట పట్ల చిన్నచూపు ఉన్న రోజులవి. గోపాలరత్నం ఆ భేదాన్ని పాటించలేదు. నండూరి సుబ్బారావు రచించిన ఎంకి పాటలను ఆమె ఆలపించిన తీరు అందుకు నిదర్శనం. పల్లె నుడికారంలో సాగే ఆ గీతాలలో సంగతులు ఎక్కువైతే ఎంకి కచేరీ వేదిక ఎక్కినట్లవుతుంది. తక్కువైతే పాట చప్పబడుతుంది. ఆ మేరను ఎరిగి పాడినందువల్లనే ఆ పాటలతో ఆమె పేరు పెనవేసుకుపోయింది. అన్నమాచార్య సంకీర్తనలకూ అదే శ్రద్ధ చూపారు.

ఋతువులననుసరించి కార్యక్రమాలు కూర్చడంలో ఒక చిక్కు ఉంది. ఉగాది మొదలైనవి చాంద్రమాన పర్వాలు కనుక ఏటేటా తేదీ మారుతుంది. ధనుర్మాసం సౌరమానాన్ని అనుసరించేది. సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించే డిసెంబరు 16 ప్రాంతాన మొదలై భోగితో ముగుస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తమిళంలో పాడిన తిరుప్పావై పాశురాలు 30. రోజుకొకటి చొప్పున నెలకు సరిపోతాయి. దినచర్యలోనే ప్రసార ప్రణాళిక సిద్ధంగా ఉన్న మాసమిది. దేవులపల్లి కృష్ణశాస్త్రి తిరుప్పావైని తెలుగు పాటలుగా రచించగా, ఆకాశవాణికై గోపాలరత్నం గానం చేశారు. చెలిని నిద్రలేపే ఆ పాటలకు వేకువ ప్రసారం సహజంగా అమరింది. వాకిట ముగ్గులు పెట్టే ఇల్లాండ్రకు, చదువుకు లేచిన పిల్లలకు, కాఫీ నీళ్ళు కాగే వంటగదికి ఆ స్వరం చేరింది. తమిళం రానివారికి పాశుర భావం ఆ విధంగానే పరిచయమైనది.

1979-80 కాలంలో హైదరాబాదు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ప్రధానాచార్యులుగా వ్యవహరించారు. తెలుగు విశ్వవిద్యాలయంతోనూ అనుబంధం కలిగి ఉన్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆమెను ఆస్థాన విదుషీమణిగా గౌరవించింది. 1992లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రదానం చేసింది. ఆ మరుసటి యేడు, 1993 మార్చి 16న, ఐదు పదులు దాటిన కొద్దికాలానికే ఆమె పరమపదించారు.

రేడియో కళాకారుల కృషికి ఒక శాపం ఉంది. పాట గాలిలో కలిసిపోతుంది. విన్నవారికి గొంతు గుర్తుంటుంది కాని పేరు గుర్తుండదు. గోపాలరత్నం విషయంలో ఆ శాపం సగమే ఫలించింది. ఆమె ధ్వనిముద్రణలు కొన్ని అంతర్జాలంలో లభిస్తున్నాయి. రజనీకాంతరావు సంచాలకులుగా పనిచేసిన కేంద్రాలలో బెంగళూరు కూడా ఒకటి. ఆ నగరపు తూర్పు కొసన ఉన్న కుందలహళ్ళి వంటి పేటలలో నేడెందరో తెలుగువారు నివసిస్తున్నారు. కన్నడిగులు ధనుర్మాసంలో తెల్లవారకముందే హుగ్గి వండి నైవేద్యం పెడతారు. పొరుగింట ఆ పెసరపప్పు పొంగలి ఉడికే వేళ, తెలుగింటి చరవాణిలో తమిళ పాశురానికి తెలుగు పాట వినవచ్చు. సరిహద్దు జిల్లాల వారికి ఇది వింత కాదు. మూడు భాషల నడుమ బతకడం వారికి అలవాటే.

అయితే చరవాణిలో పాట ఉన్నంత మాత్రాన పండుగ రాదు. ఆకాశవాణి నాడు ఏ రోజుకు ఏ పాటో నిర్ణయించి, ఊరంతటికీ ఒకే వేళకు వినిపించింది. ఆ క్రమాన్ని ఇప్పుడు ఇల్లే పాటించుకోవాలి. ధనుర్మాసపు ముప్పది ఉదయాలలో రోజుకొక పాట పిల్లలకు వినిపించి, పాడినవారి పేరు కూడా చెప్పగలిగితే, గోపాలరత్నం గారికి అంతకు మించిన స్మారకం అక్కరలేదు.