కడపలో బ్రౌన్ దొర ఇల్లు

ఈ సెలవుల్లో కడప మీదుగా వెళ్లే పని పడితే, పిల్లల్ని ఒక గంటసేపు యర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లండి. మీ తాతగారి అలమరలో పాత తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఉంటే, దాని మీద మీరు చూసిన పేరే అది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చేసరికి వయసు 21. రైతుల అర్జీలు వినాలి, తగవులు చూడాలి. ఊరంతా మాట్లాడే తెలుగు ఆయనకు కొత్త. మరుసటి ఏడాదే ఊళ్లో రెండు ఉచిత బడులు పెట్టించారు.

అప్పట్లో మన కావ్యాలు చాలావరకు తాటాకుల మీదే ఉండేవి. ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. చెదలు తిన్నంత తినగా మిగిలినవే అవి. బ్రౌన్ కడపలో ఒక బంగళా కొని, అందులో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పనిలో పెట్టారు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, తప్పులు దిద్ది కాగితం మీద శుద్ధప్రతి రాయించడం వాళ్ల పని. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అన్నారు. జీతం చాలక ఆయన అప్పులు కూడా చేశారు. వేమన పద్యాలకు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 1829లో అచ్చయింది. నిఘంటువు రావడానికి 1852 దాకా పట్టింది. అందరం దాన్ని బ్రౌన్ నిఘంటువు అనే అంటాం. మనుచరిత్రకు వ్యాఖ్య రాసిన జూలూరి అప్పయ్య లాంటి ఆయన పండితుల పేర్లు మాత్రం మనలో ఎందరికి తెలుసు?

మధ్యలో కొన్నేళ్లు ఇంగ్లండులో ఉన్నప్పుడూ ఊరుకోలేదు. అక్కడి కంపెనీ లైబ్రరీలో మూలపడి ఉన్న దక్షిణాది గ్రంథాలను మద్రాసుకు చేర్పించారు. రిటైరయ్యాక లండన్‌లో తెలుగు ప్రొఫెసరుగా ఉండి, 1884లో అక్కడే కన్నుమూశారు.

కడప బంగళా ఆ తర్వాత శిథిలమైపోయింది. మొండిగోడలు మిగిలిన ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి, ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. ఇప్పుడిది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. లోపల తాటాకు ప్రతులున్నాయి, పిల్లలకు తప్పక చూపించండి. మీ సొంతూరు కడప జిల్లాలోనే అయితే ఇంకో మాట. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి రాసుకున్న కైఫీయతులను, అంటే గ్రామచరిత్రలను, ఈ సంస్థ పుస్తకాలుగా వేసింది. వాటిలో మీ ఊరు ఉందేమో అడగండి.