అబెబె బికిల

ఆఫ్రికా ఖండపు తూర్పు భాగమున ఇథియోపియా యను ప్రాచీన దేశము కలదు. ఆ దేశమున పెక్కు భాగము ఉన్నతమైన పీఠభూమి. రాజధానియైన అడిస్ అబాబా నగరము సముద్రమట్టమునకు ఇంచుమించు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. అంత యెత్తున గాలి పలుచగా నుండును. క్రొత్తగా వచ్చినవారు నాలుగు మెట్లెక్కినను రొప్పుదురు. అక్కడ పుట్టి పెరిగినవారి ఊపిరితిత్తులును, రక్తమును ఆ పలుచని గాలితోనే పని జరుపుకొనుటకు అలవాటుపడును.

ఆ దేశమున జాటో అను కుగ్రామమున 1932వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన అబెబె జన్మించెను. సరిగా ఆ దినముననే అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరమున ఒలింపిక్ మారథాను పందెము జరిగినది. ఇది కాకతాళీయమే గాని, చెప్పుకొనుటకు ముచ్చటగా నుండును. ఇథియోపియనులకు ఇంటిపేర్లు లేవు. బికిల యనునది తండ్రి పేరు. అతడు పశువుల కాపరి. బాల్యమున అబెబె ‘గెన’ యను ఆట ఆడెడివాడు. అది కఱ్ఱలతో బంతిని కొట్టుచు ఆడు ఆట; ఒక్కొక్కప్పుడు ఇరుపక్షముల గమ్యములకు నడుమ కొన్ని కిలోమీటర్ల దూరముండును. పరుగెత్తుట ఆ పల్లె బాలురకు వేరుగా నేర్వవలసిన విద్య కాదు.

యౌవనమున అబెబె రాజధానికి వచ్చి హైలే సెలాసీ చక్రవర్తి అంగరక్షక దళమున సిపాయిగా చేరెను. ప్రతిదినము సులుల్తా కొండల నుండి నగరమునకు ఇరువది కిలోమీటర్లు పరుగెత్తి, మరల పరుగెత్తియే తిరిగిపోవుచుండెను. ఆ దళమునకు వ్యాయామము నేర్పుటకై స్వీడను దేశము నుండి వచ్చిన ఓని నిస్కానెన్ అను శిక్షకుని దృష్టి ఈ సిపాయిపై బడినది. నాటినుండి అబెబె జీవితము మారథానుకు అంకితమయ్యెను.

మారథాను పందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంత దూరము కేవలము కాలిబలముతో గెలుచుట అసాధ్యము. శరీరము దారి పొడవునను ఏదో యొకటి చెప్పుచునే యుండును. రెండు కాళ్ల కండరములయందును సమముగా వ్యాపించు బడలిక యొకటి. అది శ్రమకు సహజము, విశ్రాంతితో తీరిపోవును. ఒకేచోట సూదిగ్రుచ్చినట్లు పుట్టి, అడుగడుగునకు హెచ్చు నొప్పి వేరొకటి. అది గాయమునకు ముందుగా వచ్చు వార్త. మొదటిదానికి భయపడువాడు పందెము గెలువలేడు. రెండవదానిని లెక్కచేయనివాడు మరల పందెమునకు రాలేడు.

1960వ సంవత్సరమున రోము నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అబెబె అచ్చట క్రొత్త జోళ్లు కొని తొడిగి చూచెను. అవి పాదములకు సరిగా అమరలేదు, బొబ్బలెక్కినవి. పందెమునకు వ్యవధి లేదు. ఉత్తపాదములతో పరుగెత్తుట అతనికి చిరకాలము నుండి అలవాటే గనుక జోళ్లను విడిచి, సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము వట్టికాళ్లతోనే పందెమున నిలిచెను. మొరాకో దేశపు రాదీ యనువాడు గట్టి ప్రత్యర్థియనియు, వాని సంఖ్య 26 అనియు అబెబెకు ముందుగా తెలియజేసియుండిరి. దైవవశమున ఆ దినమున రాదీ 185 సంఖ్యను ధరించి వచ్చెను. అబెబె 26వ సంఖ్యవానికై వెదకుచు ఒక్కొక్కరినే దాటుచు, తుదకు ఆ రాదీ ప్రక్కనే, అతడెవరో తెలియకయే, చాలదూరము పరుగెత్తెను!

చీకటి పడినది. దారిపొడవున దివిటీలు వెలుగుచుండెను. గమ్యము సమీపించుచుండగా మార్గమున ఒక పెద్ద శిలాస్తంభము కనబడెను. అది ఇథియోపియాలోని అక్సుమ్ పట్టణమునకు చెందినది. ఇటలీ సేనలు ఆ దేశమును ఆక్రమించినపుడు 1937లో రోమునకు తరలించిరి. (అది స్వదేశమునకు చేరుటకు 2005వ సంవత్సరము వరకు పట్టినది.) ఆ స్తంభము చేరువ కాగానే అబెబె వేగము హెచ్చించి రాదీని వెనుకకు విడిచి, 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో గమ్యము చేరెను. అంత తక్కువ కాలములో ఆ దూరమును అంతకుముందు ఎవ్వరును పరుగెత్తియుండలేదు. ఇథియోపియాకు అదియే మొదటి ఒలింపిక్ స్వర్ణపతకము.

వట్టికాళ్ల వీరుడని పత్రికలు అతనిని కొనియాడినవి. అందు కొంత పొరపాటు కలదు. జోళ్లు ధరింపరాదను వ్రతమేదియు అబెబె పట్టలేదు. తరువాతి ఒలింపిక్ పందెమున జోళ్లు తొడిగియే పరుగెత్తెను. ఆ దినమున పాదములు ఆ జోళ్లను ఒల్లలేదు, అతడు పాదముల మాట వినెను, అంతియే. పెక్కేండ్ల అలవాటుచే అతని అరికాళ్లు గట్టిపడియుండెను. నిత్యము జోళ్లతో నడచువారు ఒక్కనాడు వానిని విడిచి రాతినేలపై పరుగెత్తినచో మిగులునది గాయములే.

1964వ సంవత్సరమున టోకియో క్రీడలకు కొలది వారముల ముందు అబెబె అభ్యాసము చేయుచుండగా కడుపునొప్పితో పడిపోయెను. వైద్యులు అపెండిసైటిస్ వ్యాధి యని నిర్ణయించి సెప్టెంబరు 16వ తేదీన శస్త్రచికిత్స చేసిరి. పందెమునకు మిగిలియున్నది 35 దినములు మాత్రమే. కొన్ని దినములలో లేచి నడచెను. వారము లోపల ఆసుపత్రి విడిచెను. అయినను అతడు పాల్గొనగలడని లోకులు తలంపలేదు. శస్త్రచికిత్సకు పూర్వము పెక్కు సంవత్సరములు కూడబెట్టిన దార్ఢ్యమే ఆ దినములలో అతనిని కాపాడినదని చెప్పవలెను. ఐదు వారములలో దేహబలమును క్రొత్తగా సంపాదించుట ఎవరికిని సాధ్యము కాదు. దీనిని చూచి శస్త్రచికిత్స జరిగిన ప్రతివారును తొందరపడి పరుగునకు దిగుట తగదు.

అక్టోబరు 21వ తేదీన అబెబె 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో గమ్యము చేరి, రెండవ వానికన్న నాలుగు నిమిషములకు పైగా ముందు నిలిచెను. మారథానును రెండుసార్లు వరుసగా గెలిచినవాడు అంతకుముందు లేడు. అంత పరుగు పరుగెత్తినవాడు నేలపై కూలబడునని ప్రేక్షకులు తలంచిరి. అబెబె మైదానము నడిమి పచ్చికపైకి పోయి, వెల్లకిల పరుండి కాళ్లు పైకెత్తుచు, వంగుచు, వ్యాయామము చేయసాగెను. జనులు నివ్వెరపోయిరి. కొందరిది ప్రదర్శనమనుకొనిరి. కాని పరుగును ఆకస్మికముగా ఆపినచో రక్తము కాళ్లయందు నిలిచిపోయి తల తిరుగును. మెల్లమెల్లగా కదలుచు శరీరమును చల్లార్చుట దీర్ఘముగా పరుగెత్తువారు ఎఱిగిన పద్ధతియే.

1967వ సంవత్సరము జూలైలో అబెబె కాలికి గాయమయ్యెను. అది మొదటిది, దాని వెనుక మరికొన్ని వచ్చినవి. బడలిన కండరము ఒకటి రెండు దినములలో కోలుకొనును. స్నాయువులును, ఎముకలును అట్లు కావు. అవి వారములను, ఒక్కొక్కప్పుడు నెలలను అడుగును. 1968 అక్టోబరు 20వ తేదీన మెక్సికో నగరమున మూడవ ఒలింపిక్ మారథానుకై అబెబె నిలిచినపుడు అతనికి 36 ఏండ్లు. చక్రవర్తియు, దేశమును అతని విజయమునకై ఎదురుచూచుచుండెను. ఆ నగరము కూడ ఎత్తైన ప్రదేశముననే యున్నది గనుక అతనికి అనుకూలమని అందరు నమ్మిరి. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తిన పిమ్మట కాలినొప్పి వలన అబెబె పందెము నుండి తప్పుకొనెను. అతని దేశీయుడే యైన మామో వోల్డే ఆ పందెమును గెలిచెను. రోములో గెలుపునకు ఎంత ధైర్యము కావలసివచ్చెనో, లోకమంతయు చూచుచుండగా దారిలో ఆగుటకు అంతకు తక్కువ ధైర్యము పట్టియుండదు.

1969 మార్చి 22వ తేదీ రాత్రి అబెబె నడుపుచున్న కారు బోల్తాపడెను. మెడయందలి వెన్నుపూసకు తీవ్రమైన దెబ్బ తగిలినది. అతనిని ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రికి చేర్చిరి. ఎనిమిది నెలల చికిత్స తరువాత చేతులు స్వాధీనమయ్యెను. కాళ్లు మాత్రము మరల కదలలేదు.

ఆ ఆసుపత్రిలో వెన్నుదెబ్బలకు ప్రత్యేక విభాగమును 1944లో నెలకొల్పినవాడు లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు. వెన్నుత్రాడు దెబ్బతిన్నవారికి ఆ క్రింది భాగమున స్పర్శ యుండదు, నొప్పి తెలియదు. నొప్పి లేకుండుట వరమని తోచవచ్చును. కాని ఆరోగ్యవంతుడు కూర్చున్నచోట ఒత్తిడి కలుగగానే తెలియకయే అటునిటు కదలును. వీరికి ఆ హెచ్చరిక లేదు. చర్మము నలిగి పుండ్లు పడును. ఆ పుండ్లతోనే పూర్వము అనేకులు మరణించిరి. కావున గుట్‌మన్ రోగులను రేయింబవళ్లు ప్రతి రెండు గంటలకు ఒకసారి ప్రక్కలు మార్చి పరుండబెట్టు పద్ధతిని నెలకొల్పెను. అట్టి రోగులు చక్రపుకుర్చీలో కూర్చున్నపుడు మధ్యమధ్య చేతులపై తమ్ము తామే లేపుకొనవలెను. అద్దములో చర్మమును చూచుకొనవలెను. శరీరము చెప్పని సంగతులను కంటితోను, గడియారముతోను తెలిసికొనవలెను. కాళ్లు చెప్పు ప్రతి మాటను విని లోకమును గెలిచినవాడు ఆ కాళ్లు మౌనము వహించిన పిమ్మట ఈ క్రొత్త విద్య నేర్వవలసివచ్చెను.

గుట్‌మన్ క్రీడలను కూడ చికిత్సగా నెంచెడివాడు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే 16 మంది రోగులకు విలువిద్యలో పోటీ జరిపెను. ఆ పోటీలు పెరిగి పెద్దవయ్యెను. 1970వ సంవత్సరమున అబెబె చక్రపుకుర్చీలో కూర్చుండి అచ్చట విల్లు చేపట్టెను. మరుసటి సంవత్సరము నార్వే దేశమున మంచుపై జారుబండి పందెమున పాల్గొని గెలిచెను.

1972వ సంవత్సరమున మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు అతనిని అతిథిగా ఆహ్వానించిరి. చక్రపుకుర్చీలో అతడు రాగా ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. మరుసటి యేడు, 1973 అక్టోబరు 25వ తేదీన, మెదడులో రక్తస్రావము వలన అబెబె మరణించెను. అతని వయస్సు అప్పటికి 41 సంవత్సరములు. చక్రవర్తి స్వయముగా అంత్యక్రియలకు వచ్చెను. వేలకొలది జనులు వెంటనడువగా అతనిని అడిస్ అబాబా నగరమున సమాధి చేసిరి.