బాలికలకు బంతి నందించిన గురువు

సెండా బెరెన్సన్ 1868లో లిథువేనియాలో జన్మించి, బాల్యముననే కుటుంబముతో అమెరికా చేరెను. ఆమె దుర్బలదేహ. అయిష్టముగనే బోస్టనులోని వ్యాయామ పాఠశాలలో చేరి, క్రమముగా ఆరోగ్యమును బడసెను. ఆ మేలును తోడి బాలికలకును పంచవలెనని, 1892లో నార్తాంప్టను నందలి స్మిత్ కళాశాలలో వ్యాయామోపాధ్యాయిని యయ్యెను.

సమీపమందలి స్ప్రింగ్‌ఫీల్డులో 1891లో నెయిస్మిత్ కనిపెట్టిన బాస్కెట్‌బాలును ఆమె తన విద్యార్థినులకు నేర్పెను. 1893 మార్చిలో రెండు తరగతుల బాలికలు పోటీపడినప్పుడు పురుషులను లోనికి రానీయలేదు.

బంతిని లాగుకొనరాదనియు, ఆటస్థలమును మూడు భాగములు చేసి ఎవరి భాగమున వారే ఆడవలెననియు ఆమె నియమించెను. ఆ గీతలు బాలికల పరుగును అరికట్టినవని నేడు తోచవచ్చును. కాని ఆట స్త్రీలకు తగదను శంకను తీర్చి, వారిని ఆటస్థలమున నిలిపినవి ఆ గీతలే. 1954లో ఆమె గతించెను. 1985లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరమున ఆమెకు స్థానము లభించెను.